సాల్ట్ లేక్ సిటీకి కొత్త: పౌడర్ కోసం వెడల్పాటి స్కీలు కొనాలి, సలహా ఇవ్వగలరు

అందరికీ నమస్కారం.

మాది నరసరావుపేట. నిరుడు ఆగస్టులో ఉద్యోగంలో చేరడానికి సాల్ట్ లేక్ సిటీ వచ్చాను. అంతకుముందు మంచు పడటం కళ్లారా చూసింది లేదు. చలికాలంలో ఆఫీసు వాళ్లతో బ్రైటన్ స్కీ రిసార్టుకు వెళ్లి, శిక్షకుడి దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకుని, మొత్తం పన్నెండు రోజులు అద్దె స్కీల మీద తిరిగాను. ఆకుపచ్చ గుర్తు వాలులు సులువుగా, నీలం గుర్తు వాలులు పడకుండా దిగగలుగుతున్నాను.

ఈ ఏడు సొంత స్కీలు కొనాలని ఉంది. నాతో పనిచేసేవాళ్లు ఇద్దరు, మనుషుల్ని పైకి మోసే లిఫ్టులు లేని కొండల్లోకి, అంటే బ్యాక్‌కంట్రీకి వెళ్తుంటారు. నన్నూ రమ్మంటున్నారు. ఒక దుకాణంలో 118 మిల్లీమీటర్ల నడుము (స్కీ మధ్యభాగం వెడల్పు) ఉన్న స్కీలు చూపించి, యూటా పౌడర్‌కి, అంటే ఇక్కడి పొడి కొత్త మంచుకి, ఇవే సరైనవి, అన్నిటికీ పనికొస్తాయి అన్నారు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులతో కలిపి వెయ్యి డాలర్లు దాటుతోంది. నా ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. అనుభవం ఉన్నవాళ్లు చెబితే దాన్నిబట్టి నడుచుకుంటాను.

జవాబు (శాండీ, యూటా)

118 కొనకండి. ముందు ఆ మాట చెప్పి, కారణం తర్వాత రాస్తున్నాను.

మాది గోదావరి జిల్లాలో వ్యవసాయ కుటుంబం. ఇక్కడ లిటిల్ కాటన్‌వుడ్ లోయ మొదట్లో ఉంటూ ఇది పదకొండో చలికాలం. వెడల్పు స్కీ సంగతి నాకు మా పొలం గుర్తొచ్చాకే అర్థమైంది. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే పిక్క దాకా దిగబడుతుంది. అదే మడిలో పలక వేసి దాని మీద నిలబడితే దిగదు. మన బరువు అంతే, అది పరుచుకునే చోటు పెరిగింది. లోతైన కొత్త మంచులో వెడల్పాటి స్కీ చేసే పని ఇదే.

ఇప్పుడు ఆ పలకనే పాదానికి కట్టుకుని, సిమెంటు గట్టు మీద పలక ఒక్క అంచు మీదే నిలబడే ప్రయత్నం చేస్తున్నట్టు ఊహించుకోండి. పలక ఎంత వెడల్పుగా ఉంటే ఆ అంచు మీ పాదానికి అంత దూరంగా ఉంటుంది, చీలమండ, మోకాలు అంత మెలి పడతాయి. గట్టి మంచు మీద మలుపు తిరగడమంటే స్కీ ఉక్కు అంచు మీద నిలబడటమే. 80 మిల్లీమీటర్ల స్కీ ఒక అంచు నుంచి రెండో అంచుకు చటుక్కున మారుతుంది. 118 మిల్లీమీటర్లది బద్ధకంగా మారుతుంది. మలుపులు ఇంకా నేర్చుకుంటున్న మీరు దానితో కాళ్లు పిండి అయ్యేలా శ్రమపడతారు, పైగా అంచు మీద నిలబడటం ఎగ్గొట్టి స్కీని పక్కకు తోసే అలవాటు పడుతుంది. అది ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఈ లోయ పైనున్న ఆల్టా రిసార్టులో సగటున ఏడాదికి 500 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. ఆ అంకె విని అందరూ ప్రతిరోజూ నడుము లోతు మంచు అనుకుంటారు. అది తుఫానులుగా వచ్చి పడుతుంది, మధ్యలో పది పన్నెండు రోజులు ఎండ కాస్తుంది. తుఫాను మర్నాడు కూడా పదకొండు గంటలయ్యేసరికి లిఫ్టు కింద వాలులన్నీ జనం తొక్కి గడ్డలు గడ్డలుగా ఉంటాయి. ఉద్యోగం చేసుకునే మనం వెళ్లేది శని, ఆదివారాలు. తుఫాను మన సెలవు చూసుకుని రాదు. కాబట్టి మీరు ఏ మంచు మీద ఎక్కువ గంటలు గడుపుతారో దానికి స్కీ కొనాలి, ఏ మంచు గురించి కలగంటున్నారో దానికి కాదు.

మీ ఎత్తుకూ బరువుకూ ఇప్పుడున్న స్థాయికీ 95 నుంచి 104 మధ్య నడుము చాలు. ఇది పిరికి సలహా అనుకోకండి. ఆ వెడల్పుతో నేను మోకాటి లోతు మంచులో హాయిగా తిరిగాను. స్కీ పేరులో ఉండే అంకె సాధారణంగా ఈ నడుము వెడల్పే, నార్డికా ఎన్‌ఫోర్సర్ 104 లాగా. కానీ అన్ని కంపెనీలూ అలా పెట్టవు. బ్లిజార్డ్ రస్ట్లర్ 10 నడుము వంద దాటుతుంది. పేరు చూసి ఊరుకోకుండా స్కీ మీద అచ్చువేసిన మూడు అంకెలు చదవండి: ముక్కు, నడుము, తోక వెడల్పులు అదే వరసలో ఉంటాయి.

వెడల్పు కంటే ఆకారం ముఖ్యమని నా గట్టి నమ్మకం. 2002లో షేన్ మెకాంకీ అనే పేరున్న స్కీయర్ ఆలోచనతో వొలాంట్ కంపెనీ స్పాచులా అనే స్కీని తెచ్చింది. నీటి మీద జారే స్కీలను చూసి, లోతైన మంచూ నీళ్లలాగే ప్రవర్తిస్తుంది కదా అని ఆలోచించిన మనిషి ఆయన. దాని ముక్కూ తోకా పడవ అడుగులా పైకి వంగి ఉండేవి, నడుము 125 మిల్లీమీటర్లు, మొత్తం స్కీలో అదే అన్నిటికన్నా వెడల్పు. పౌడర్‌లో అద్భుతంగా తేలేది, గట్టి మంచు మీద మాత్రం మొండికేసేది. ఈనాటి చాలా స్కీలలో ఆ పైకి లేచిన ముక్కు మిగిలింది, దాన్నే రాకర్ అంటారు. పాదం కింద మాత్రం విల్లులా వంపు ఉంచారు, అది కాంబర్. ముక్కుకు రాకర్, పాదం కింద కాంబర్, తోకకు కొద్దిపాటి రాకర్ ఉన్న వంద మిల్లీమీటర్ల స్కీ ఇవాళ మీకు సరిగ్గా సరిపోతుంది. దుకాణంలో రెండు స్కీలనూ అడుగుకు అడుగు ఆనించి చూడండి, ఎక్కడ తాకుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో కంటికే కనిపిస్తుంది.

పొడవు 172 నుంచి 178 సెంటీమీటర్ల మధ్య చూడండి. రాకర్ ఉన్న స్కీ గట్టి మంచు మీద పొట్టిగా నడుస్తుంది కనుక మీ ఎత్తుకు సమానంగా, కాస్త ఎక్కువగా ఉన్నా భయం లేదు.

డబ్బు మొదట బూట్ల మీద పెట్టండి. బూటు సరిగ్గా లేకపోతే ఎంత మంచి స్కీ అయినా మీ మాట వినదు. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. 26.5 ఉంటే 26.5 బూటే అడగండి, మన చెప్పుల అలవాటుతో ఒక సైజు పెద్దది తీసుకోకండి. బకిల్స్ బిగించి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే కొంచెం వెనక్కి జరగాలి. బూటు ఎంత గట్టిగా వంగుతుందో చెప్పే అంకె (ఫ్లెక్స్) మీకు 100 దగ్గర ఉంటే సరిపోతుంది. కొండ ఎక్కేటప్పుడు బూటు ముందుభాగాన్ని పట్టుకునే పిన్ను బైండింగ్‌కి పనికొచ్చే గుంటలు, నడవడానికి వీలుగా వదులయ్యే మీట ఉన్న బూటు తీసుకుంటే రేపు కొండ ఎక్కడానికీ అదే పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. మీ ప్రశ్న చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది వెడల్పు కాదు, ఆ ఇద్దరు మిత్రులు.

పౌడర్‌లో జారడానికి ఆనందంగా ఉండే వాలూ, మంచుచరియలు విరిగిపడే వాలూ ఒకటే: 30 నుంచి 45 డిగ్రీలు. వెడల్పాటి స్కీ కొత్తవాళ్లను కూడా అక్కడికి సులువుగా తీసుకెళ్తుంది. మునుపు లోతైన మంచులో దిగడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది, ఆ ఏళ్లలో మంచును చదవడం కూడా వచ్చేది. ఇప్పుడు స్కీ ఆ మొదటి పని చేసిపెడుతోంది. రెండోది ఏ కంపెనీ అమ్మదు.

2021 ఫిబ్రవరి 6న మా ఊరి పక్కనే మిల్‌క్రీక్ లోయలో, విల్సన్ గ్లేడ్ అనే చోట మంచుచరియ కింద నలుగురు చనిపోయారు. అందరూ అనుభవం ఉన్నవాళ్లే, సామగ్రీ ఉంది. ఆ వారమంతా ఈ లోయలో ఎవరి ముఖం చూసినా మాట రాలేదు. నేను ఆ రోజు నుంచి తెల్లవారి కాఫీ కంటే ముందు యూటా అవలాంచ్ సెంటర్ సూచన చదువుతాను. ప్రమాదాన్ని అయిదు స్థాయిల్లో చెబుతారు, ఏ దిక్కు వాలు మీద, ఏ ఎత్తున, ఎలాంటి ప్రమాదం ఉందో బొమ్మతో సహా ఇస్తారు. ఇవాళే మొదలుపెట్టండి, స్కీలు కొనే ముందే.

ముందు వాళ్ల ఉచిత పరిచయ పాఠం చూడండి, తర్వాత మూడు రోజుల మొదటి స్థాయి కోర్సు చేయండి. ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, ఈ మూడూ కొని, మంచులో పాతిపెట్టిన ట్రాన్సీవర్‌ను వెతికి తవ్వడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. మంచు కింద పడ్డ మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ఆయువు. అంబులెన్సు రాదు, పక్కనున్న స్నేహితుడే తవ్వాలి. అందుకే మిత్రులను సూటిగా అడగండి: మీరు కోర్సు చేశారా, ఈ నెలలో సాధన చేశారా, నేను వద్దంటే వెనక్కి తిరుగుతారా? మూడో ప్రశ్నకు జవాబు తడబడితే వాళ్లతో వెళ్లకండి. నాలుగైదు వందల డాలర్ల సామాను కొనడం కంటే వద్దు అనడం కష్టం, మన పిల్లలకు మరీ కష్టం. కొత్త దేశంలో, కొత్త ఆఫీసులో, ఆప్యాయంగా పిలిచినవాళ్లను కాదనలేక కొండెక్కినవాళ్లు నాకు తెలుసు.

జవాబు (సియాటిల్)

తమ్ముడూ, పైన అన్న రాసిందంతా మనసులో పెట్టుకో. రెండు మాటలు కలుపుతాను.

వెడల్పు లెక్క ఊరినిబట్టి మారుతుంది. మా కాస్కేడ్ కొండల్లో మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఇక్కడ నేను 108 వాడతాను, నా మోకాళ్లకు అలవాటైంది కనుక. మీ యూటాలోని వాసాచ్ కొండల మంచు తేలిక, తక్కువ వెడల్పుతోనే తేలవచ్చు. కాబట్టి ఇంటర్నెట్‌లో ఎవరైనా ఒక అంకె చెబితే, ఎక్కడి నుంచి చెబుతున్నారో ముందు అడుగు.

రెండోది, పాత స్కీల గురించి. నేను మొదటి ఏడు 150 డాలర్లకు ఒకరి దగ్గర స్కీలు కొన్నాను. స్కీలు బాగానే ఉన్నాయి. బైండింగ్ మాత్రం కంపెనీ బాధ్యత వదిలేసిన పాత రకం. తీసుకెళ్లిన రెండు దుకాణాలూ దాన్ని సరిచేయడానికి ఒప్పుకోలేదు, అది వాళ్ల తప్పు కాదు. కొత్త బైండింగ్ కొని, మళ్లీ రంధ్రాలు వేయించి, చివరికి కొత్త వాటంత ఖర్చుపెట్టాను. పాతవి కొంటే బైండింగ్ పేరు రాసుకుని ముందు దుకాణంలో అడుగు. బైండింగ్ విడుదల అంకె (ఎంత బలానికి బూటును వదలాలో చెప్పేది) సరిచేసేటప్పుడు బరువు, ఎత్తు, వయసు, నీ స్థాయి అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పు. గొప్పకు ఎక్కువ చెబితే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలితిరుగుతుంది.

చెట్ల మధ్య దిగేటప్పుడు కొమ్మల కింద లోతైన గుంతలుంటాయి. తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రాలేవు, ఊపిరాడదు. అది రిసార్టు లోపల కూడా జరుగుతుంది. పౌడర్ రోజు ఎవరినో ఒకరిని కంటికి కనిపించేంత దగ్గరలో ఉంచుకో.

కొత్తగా వచ్చిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మిత్రులను ఈ రోజే అడిగాను. ఒకరు కోర్సు చేశారు, ఒకరు చేయలేదు. ఈ చలికాలం రానని చెప్పాను, బాధపడలేదు. డిసెంబరు కోర్సులో చేరుతున్నాను.

ఒక సందేహం. వచ్చే ఏడు కొండ ఎక్కడానికి కూడా ఇవే స్కీలు పనికొచ్చేలా, రెండు రకాలుగా పనిచేసే బైండింగ్ ఇప్పుడే వేయించుకోవచ్చా?

జవాబు (శాండీ, యూటా)

మిత్రులకు చెప్పడం చాలా మంచి పని చేశారు.

వేయించుకోవచ్చు. 2018లో సాలమన్ షిఫ్ట్ అనే బైండింగ్ వచ్చాక ఇది సులువైంది. ఎక్కేటప్పుడు ముందు రెండు పిన్నులు బూటును పట్టుకుంటాయి, మడమ లేస్తుంది. దిగేటప్పుడు మామూలు లిఫ్టు బైండింగ్‌లా పనిచేస్తుంది. కానీ ఒక్కొక్కటి 900 గ్రాముల దాకా బరువు. తేలికపాటి పిన్ను బైండింగులు అందులో సగానికి తక్కువే ఉంటాయి. లిఫ్టు స్కీ ఒక్కొక్కటి రెండు కిలోలు, కొండ ఎక్కడానికి చేసినది కిలోన్నర. వెయ్యి మీటర్లు ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకూ ఆ తేడా మోయాలి.

మీకు నా సలహా: ఈ ఏడు మామూలు లిఫ్టు బైండింగ్, స్కీ ఊడినప్పుడు జారిపోకుండా ఆపే బ్రేకు స్కీ నడుము కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి, బూటు అడుగు రకానికి సరిపోవాలి. అంతే. కోర్సు అయ్యాక, కొండ ఎక్కే స్కీలు అద్దెకు తెచ్చుకుని నాలుగైదు సార్లు రండి. ఆ ఎక్కుడు మీకు నచ్చితేనే రెండో జత కొనండి. చాలామందికి నచ్చదు, అందులో తప్పేమీ లేదు. నచ్చితే అప్పుడు స్కిన్స్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలు) గురించి రాస్తాను, అవి స్కీ వెడల్పుకు కత్తిరించాలి కనుక స్కీ ఖాయం కాకుండా కొనే వస్తువు కాదు.

కారుకు మంచు టైర్లున్నాయా? తుఫాను రోజుల్లో మంచుకు తగిన టైర్లో గొలుసులో లేకుండా కాటన్‌వుడ్ లోయల్లోకి పోనివ్వరు. స్కీల కంటే ముందు మంచు టైర్లు వేయించండి.

నా దగ్గర 100 మిల్లీమీటర్ల నడుము, 176 పొడవున్న జత ఒకటి ఖాళీగా ఉంది. దానికి అద్దె దుకాణాల్లోలా జరిపే బైండింగ్ ఉంది. కొనే ముందు రెండు శనివారాలు వాటి మీద తిరిగి చూడండి. బూటు మడమ పక్కన చిన్న అంకెలతో అడుగు పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది, 305 లాంటిది. అది రాసి పంపితే శుక్రవారం సాయంత్రం దుకాణానికి ఇద్దరం కలిసి వెళ్లి మీ కొలతలకు సరిచేయిద్దాం.