చెడిపోకముందే సాఫ్ట్‌వేర్ చెప్పేస్తే ఇక బయోమెడికల్ కుర్రాళ్ళెందుకు?

కర్నూలు_అక్క:
మా తమ్ముడు బయోమెడికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. పోయిన వారం హైదరాబాద్‌లో వైద్య పరికరాల కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాడు. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చా అని ఒక్కరూ అడగలేదట. పైథాన్ వచ్చా, లాగ్ ఫైల్ (మిషన్ తనంతట తనే రాసుకునే రికార్డు) చూసి తేడా పట్టగలవా, ఇవే ప్రశ్నలు. మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో ముందే కనిపెట్టే ప్రెడిక్టివ్ మెయింటెనెన్సే ఇక ముందు పని అన్నారట. వాడిప్పుడు స్పానర్ నేర్చుకోవాలా, కోడింగా?

పాత_స్పానర్:
స్పానరే తల్లీ. 24 ఏళ్ళుగా ఇదే నా పని. మొన్న ఏప్రిల్లో ఆదోనిలో ఒక ఎంఆర్‌ఐ చిల్లర్ (మిషన్‌కు చల్లనీళ్ళు అందించేది) మాటిమాటికీ ట్రిప్ అయ్యి చివరికి ఆగిపోయింది. మేడెక్కి చూస్తే కండెన్సర్ జాలికి దూది పట్టి దుప్పటి కప్పినట్టుంది. చుట్టూ జిన్నింగ్ మిల్లులు కదా. నీళ్ళు కొట్టి కడిగితే గంటలో దారికొచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్‌కు కనిపిస్తుంది దూది?

లాగ్‌బుక్:
దూది కనిపించదన్నా, దూరం నుంచి మిషన్ల లాగ్‌లు చూసే మాకు నీళ్ళ వేడి కనిపిస్తుంది. దూది ఒక్క రాత్రిలో పట్టదు కదా. ఎంఆర్‌ఐ మాగ్నెట్ మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ఆవిరైన హీలియంను కోల్డ్ హెడ్ మళ్ళీ ద్రవం చేస్తుంటుంది. దాని కంప్రెసర్‌ను చల్లగా ఉంచేది చిల్లర్ నీళ్ళే. ఆ నీళ్ళు రోజుకింత వేడెక్కుతుంటే గ్రాఫ్‌లో తెలిసిపోతుంది. సీటీలోనూ అంతే. ఎక్స్‌రే ట్యూబ్ పోయేముందు ఆర్కింగ్ (లోపల కరెంటు మెరుపులా దూకడం) ఎర్రర్లు పెరుగుతుంటాయి. ముందే చూస్తే పేషెంట్లు లేని ఆదివారం ట్యూబ్ మార్చుకోవచ్చు.

నంద్యాల_చెక్‌పోస్ట్:
మా పీహెచ్‌సీలో బీపీ మిషన్ కఫ్ చిరిగి ఆరు నెలలు. దానికేమన్నా గ్రాఫ్ ఉందా?

పాత_స్పానర్:
ఏమప్పా లాగ్‌బుక్, ఎన్ని డిగ్రీలు పెరిగితే మెయిల్ కొడతావు? మే నెలలో కర్నూల్లో బయటే 43. ఎండకు పెరిగిందా, దూదికి పెరిగిందా, పంపు అరిగి పెరిగిందా?

లాగ్‌బుక్:
బయటి వేడి కూడా లెక్కలోకి తీసుకుంటాం. తెల్లవారుజామున 4 గంటలకు కూడా వేడి దిగలేదంటే అది ఎండ వల్ల కాదు.

పాత_స్పానర్:
డిగ్రీలు అడిగితే టైమ్ చెబుతావేం?

లాగ్‌బుక్:
మిషన్ మోడల్‌ను బట్టి మారుతుందన్నా. అన్నింటికీ ఒకే నంబరు చెబితే అబద్ధమవుతుంది.

పాత_స్పానర్:
నంబరు చెప్పలేవు గానీ ఉద్యోగాలు మాత్రం తీసేయగలరు. పోయినేడు నా కింద ఇద్దరు డిప్లొమా పిల్లలుండేవాళ్ళు. కంపెనీ రిమోట్ మానిటరింగ్ కాంట్రాక్టు రాగానే, ఇక వీళ్ళెందుకని మేనేజ్‌మెంట్ ఇద్దర్నీ పంపించేసింది. ఇప్పుడు మూడు ఊళ్ళ బ్రాంచీలకు నేనొక్కణ్ణే, ఈ వయసులో మోటార్ సైకిల్ మీద.

లాగ్‌బుక్:
వాళ్ళను తీసేసింది నేనా? నాదీ ఏడాది కాంట్రాక్టే. నేను ఫీల్డ్‌లో చేరిన కొత్తల్లో మా సీనియర్ సర్వీస్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పని నేర్పరు, స్క్రీన్ ముందు కూర్చుంటే ఎగతాళి చేస్తారు. అందుకే ఫీల్డ్ వదిలేసి ఇటొచ్చా.

పాత_స్పానర్:
అడ్డం పెట్టుకోవడానికి నా దగ్గర పాస్‌వర్డే లేదు! నేను ఆసుపత్రి జీతగాణ్ణి, లాగ్ తెరిస్తే తాళం. ఆదోని చిల్లర్ వేడెక్కుతోందని 9 రోజుల ముందే మెయిల్ పోయిందట. ఎక్కడికి? బెంగళూరుకు! నాకెప్పుడు తెలిసింది? ఎంఆర్‌ఐ టెక్నీషియన్ రాత్రి 11కి ఫోన్ చేసి, "అన్నా, లోపల కోల్డ్ హెడ్ చిక్‌చిక్ శబ్దం ఆగిపోయింది" అన్నప్పుడు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు చెప్పినా బకెట్ నీళ్ళతో పోయేది.

లాగ్‌బుక్:
అంటే సాఫ్ట్‌వేర్ పట్టుకుంది కదన్నా?

పాత_స్పానర్:
పట్టుకుంది. నేనెప్పుడు కాదన్నాను?

నంద్యాల_చెక్‌పోస్ట్:
మొదటి పోస్టులోనే సామీ.

లాగ్‌బుక్:
సరే, ఉన్నమాట చెబుతా. నేను రిపేరు టికెట్ (ఫిర్యాదు) వేస్తే హైదరాబాద్ ఇంజనీరుకు పోతుంది. అతను కర్నూలు రావాలంటే 210 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆదోని ఇంకో వంద. ఆసుపత్రిలో మీలాంటివారు ఉన్నట్టు నా స్క్రీన్ మీద ఎక్కడా ఉండదు. కర్నూల్లో ఒక మనిషిని పెట్టమని రెండుసార్లు రాశా, రిపేరు కాల్స్ తక్కువ అన్నారు. మేం ముందే చెబుతున్నాం కాబట్టే కాల్స్ తగ్గాయని, దాంతో మనిషి అక్కర్లేదని వాళ్ళ లెక్క.

పాత_స్పానర్:
ఇదేదో మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేకపోయేది.

కర్నూలు_అక్క:
మీరిద్దరూ చిల్లర్ దగ్గరే ఉన్నారు. తమ్ముడికి రెండో రౌండ్‌కు పిలుపొచ్చింది. పోస్టింగ్ బెంగళూరట.

పాత_స్పానర్:
పోనీ తల్లీ. పోయేలోపు రెండు వారాలు నాతో తిప్పుతా, చిల్లర్ కడగడం చూపిస్తా. చేరాక ఆదోని మెయిల్ ఎవరెవరికి పోతుందో చూసి, అందులో నన్నూ చేర్చమని చెప్పు.

లాగ్‌బుక్:
అది నేనే అడిగి చూస్తానన్నా. ఎన్ని డిగ్రీలు పెరిగితే పంపమంటారు?

పాత_స్పానర్:
పొద్దున్నుంచి నేనడిగేది అదే కదప్పా!