మైళ్లతో నలుగురికీ బిజినెస్ క్లాస్ దొరుకుతుందా?

నమస్కారమండీ, మాది వైజాగ్. వేసవిలో అమ్మానాన్నలతో కలిసి మేమిద్దరం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి. క్రెడిట్ కార్డు పాయింట్లని క్రిస్‌ఫ్లయర్‌కి (సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైళ్ల పథకం) మార్చి సింగపూర్ మీదుగా బిజినెస్‌లో వెళ్దామని ఆశ. నాన్నగారి మోకాళ్లకి కాళ్లు చాపుకునే సీటైతేనే కుదురుతుంది. నా మైళ్లతో టికెట్లు తీయడానికి నామినీలుగా ఐదుగురిని పెట్టుకోవచ్చు, ఆ చిక్కు లేదు. తీరా వెతికితే సేవర్‌లో (తక్కువ మైళ్లకి వచ్చే టికెట్లు) ఒకటో రెండో సీట్లు, మిగతాదంతా వెయిట్‌లిస్టే! మార్చిన పాయింట్లు వెనక్కి రావు, మైళ్లకేమో 36 నెలల గడువు. అందుకే చెయ్యి ఆడట్లేదు.

పెద్దవాళ్లని బిజినెస్‌లో, మమ్మల్ని ఎకానమీలో వేరే పీఎన్‌ఆర్ మీద బుక్ చేస్తే ఇబ్బందా? వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ (సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్లదే చౌక విమాన సంస్థ) టికెట్ విడిగా కొంటే అక్కడి చాంగీ ఎయిర్‌పోర్టులో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలా? ఈ వయసులో వాళ్లతో ఆ తిప్పలెందుకు, హైదరాబాద్‌లోనే ఎక్కమంటోంది మా ఆవిడ. అలా వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి.