జడ్చర్ల ఆదివారం కాఫీ మీట్‌కు పాత మారుతి 800 తెస్తే నవ్వుతరా?

పాలమూరు_800:
అన్నలు నమస్తే, మాది మహబూబ్‌నగర్. ఆదివారం పొద్దుగాల జడ్చర్ల హైవే మీద కార్ల పిచ్చోళ్ళు కలుస్తున్నరని దోస్తు చెప్పిండు, వాడి స్టేటస్‌ల ఫోటోలు సూస్తే థార్లు, పోలోలు, ఒక పాత ఆక్టేవియా, అన్నీ మెరిసిపోతున్నయ్. నా దగ్గరున్నదేమో మా నాయిన 98ల కొన్న 800, ఏపీ 22 నంబర్, కార్బొరేటర్ బండి, పొద్దుగాల చోక్ గుంజనిది స్టార్టే గాదు. అలాయ్‌లు లేవు, టేప్‌రికార్డర్ గూడ అప్పటిదే. దీన్ని పట్టుకొనొస్తే నవ్వుతరా? ఫీజు గీజు ఉంటదా, ఎన్నింటికి రావాలె?

హైవే44:
నవ్వుడేంది తమ్మీ, నువ్వు దిగకముందే నలుగురొచ్చి బానెట్ లేపుమంటరు సూడు. థార్లు ప్రతి వారం వస్తయ్, వాటిని ఎవ్వరు సూస్తలేరు. 796 సీసీ, మూడు సిలిండర్లు, స్పానర్ సెట్ ఉంటే సగం పని ఇంట్లనే అయితది, ఇప్పటి బండ్లకు బానెట్ లేపితే నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏం కనవడది. ఫీజు లేదు, ఎవ్వని చాయ పైసలు వాడే కడ్తడు. పేరుకే కాఫీ మీట్, తాగేది చాయే, గద్వాల దిక్కోళ్ళు ఉగ్గాని బజ్జి కట్టిచ్చుకొనొస్తే ఇగ కార్ల ముచ్చట సగమే. ఆరున్నరకు రా. ఎనిమిదిన్నరకల్లా అందరం లేస్తం, ఆ తర్వాత హోటలాయనకు బస్సుల గిరాకి మొదలైతది, మన బండ్లు అడ్డముంటే ఆయన మొఖం మాడ్తది, అది గూడ న్యాయమే గద.

గ్యారేజ్_కాక:
చోక్ బండి అన్నవ్ గాబట్టి ఒక మాట బిడ్డా. ఇప్పుడు బంకుల్ల పోసేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు, పాత రబ్బరు పైపులు దానికి ఆగవ్. ట్యాంకు కాడికెల్లి పంపుకు, పంపు కాడికెల్లి కార్బొరేటర్‌కు పోయే పైపుల్ని ఇంజన్ సల్లగున్నప్పుడు ఏళ్ళతోని వొంచి సూడు, జిగట తగిలినా సన్న పగుళ్ళు కనవడ్డా మార్చెయ్, పెద్ద ఖర్చేం గాదు. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుడంటే ఆట గాదు. ఆర్సీ రెన్యూవల్ అయ్యిందా మరి? 15 ఏండ్లు దాటినంక ఐదేండ్లకోసారి చేపియ్యాలె, 20 దాటిన కార్లకు ఆ ఫీజు 2025 ఆగస్టుల 10,000 చేసిన్రు, గ్రీన్ ట్యాక్స్ వేరే.

టర్బో_చిన్నా:
ఎప్పుడు సూడు హైవే మీదనేనా, ఒక్కసారి పిల్లలమర్రి కాడ పెట్టున్రి అన్నా, ఫోటోలు మస్తొస్తయ్

హైవే44:
వద్దు చిన్నా. ఆ చెట్టుకు చెద పట్టి కొమ్మలు ఇరిగితే 2018ల సెలైన్ బాటిళ్ళు కట్టి మందెక్కిచ్చి బతికిచ్చిన్రు, మనం పోయి దాని ముంగట సైలెన్సర్లు మోగియ్యాల్నా? మొన్న ఒకడు ఉత్తగనే నిలవడి రెవ్ చేస్తుంటే చాయ గ్లాసులు కడిగే ముసలమ్మ చెవులు మూసుకొని లోపలికి పోయింది. అసొంటోళ్ళు మళ్ళ రాకున్నా మాకు పరవాలేదు.

మిర్యాల_జెన్:
మిర్యాలగూడోళ్ళం మేం గూడ రావొచ్చా అన్నా? 167 హైవే పట్టుకుంటే హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదికెల్లి సీదా జడ్చర్లలనే తేల్తం గని ఆరున్నరకు అందాలంటే అర్ధరాత్రే లేవాలె. నార్కట్‌పల్లి కాడ ఒకటి పెట్టున్రంటే హైదరాబాదోళ్ళు పంతంగి టోల్ అని ఏడుస్తరు, ఒక్కసారి పైసలు కట్టి ఫాస్టాగ్ ఏడాది పాస్ తీసుకుంటే 200 ట్రిప్పులొస్తయ్, ఇంకేం రోగమో

పాలమూరు_800:
కాకా థ్యాంక్స్, పంపు కాడి పైపు నిజంగనే పగిలి ఉన్నది, ఈ వారం మార్పిస్త. ఆర్సీ ఓకే. వచ్చే ఆదివారం పక్కా అన్నా. మా నాయిన గూడ వస్తనంటున్నడు, గని ఆయన బండి కొన్న ముచ్చట మొదలుపెడితే ఎనిమిదిన్నరకు లేవడు, హోటలాయనకు ముందే చెప్పి పెట్టున్రి.