ఊరికే మాట పడే మనుషులు కారు

అందరికీ నమస్కారం. ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో జరిగిన, హంతకుడెవరో తేలని జాక్ ద రిప్పర్ హత్యల మీద వ్యాసం రాస్తున్నాను. సెప్టెంబరు 30 ఆదివారం తెల్లవారుజామున గంట లోపలే ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్ ఇద్దరూ హతమయ్యారు. ఎడోస్ ఏప్రాన్‌లోంచి కోసిన రక్తపు గుడ్డముక్క 2:55కి గూల్‌స్టన్ వీధిలో ఒక వాటాల భవనం గుమ్మంలో కానిస్టేబుల్ ఆల్ఫ్రెడ్ లాంగ్‌కి దొరికింది. దానికి పైన గోడ మీద సుద్దతో ఇలా ఉందట: ‘ద జూస్ ఆర్ ద మెన్ దట్ విల్ నాట్ బి బ్లేమ్డ్ ఫర్ నథింగ్.’

‘యూదులు ఊరికే నింద పడే మనుషులు కారు’ అని రాసుకున్నాను. ఇక్కడ ‘ఊరికే’ నిలుస్తుందా? లేక ‘ఏ నిందా పడరు’ అనాలా?

జవాబు: ‘నాట్’, ‘నథింగ్’ అని రెండు కాదులు కలిస్తే ఔనే కదమ్మా, మన ‘లేకపోలేదు’ లాగా. వాళ్ళ మీద నింద ఊరికే రాలేదు, కారణం ఉంది అని భావం. నిప్పు లేనిదే పొగ రాదు అన్నట్టు. యూదులంటే గిట్టని హంతకుడే రాశాడని నా నమ్మకం.

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన అర్థం అందులో ఉంది, కానీ అదొక్కటే లేదు. వైట్‌చాపెల్ ఉన్న ఈస్ట్ ఎండ్ పేటల వీధి ఇంగ్లీషులో రెండు కాదులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఒకదానికొకటి బలమిస్తాయి. ఆ లెక్కన ‘నథింగ్’ అంటే మన ‘ఏమీ’. ‘ఏమీ తినలేదు’లో ‘ఏమీ’ లాంటిది. అప్పుడు వాక్యం ‘వాళ్ళు ఏ తప్పూ నెత్తిన వేసుకోరు’ అని దెప్పిపొడుపు అవుతుంది. బడి ఇంగ్లీషులో చదివితే మళ్ళీ రెండు దారులు. ఒకటి మీది. రెండోది, ‘కారణం లేకుండా నిందిస్తే ఊరుకోం’ అని ఒక యూదుడి పౌరుషం. సందర్భమే తెలియకపోతే ఎవరు ఎవరిని అంటున్నారో కూడా తేలదు. యూదు వ్యాపారి చేతిలో మోసపోయాననుకున్నవాడెవడో కడుపుమంటతో రాశాడని, హత్యకీ దానికీ సంబంధమే లేదని అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మనసొప్పేది ఈ చివరి మాటే. ఆ పేటలో సుద్దరాతలు కొత్త కాదు. గుడ్డముక్క దాని కింద పడి ఉండటం తప్ప రెండిటినీ కలిపే దారం లేదు.

అమ్మా, మీ ‘ఊరికే’ని వదలకండి. ‘ఎవరూ ఊరికే మాట పడరు’ అని చూడండి. కారణం లేకుండా ఎవరికీ చీవాట్లు రావు అని ఒకటి, ఉత్తపుణ్యానికి తిడితే ఎవరూ సహించరు అని ఒకటి. ఇంగ్లీషులో ఉన్న ఇరకాటం ‘పడు’ అనే క్రియ వల్ల తెలుగులోకీ వచ్చేసింది. ఇలాంటిది అనువాదంలో ఎంత అరుదుగా దొరుకుతుందో అనువాదాలు చేసినవాళ్ళకి తెలుసు. ‘ఏ నిందా’ అన్నారో, ఒక పక్షానికి తీర్పు ఇచ్చేసినట్టే.

ప్రశ్న వేసినవారు: చాలా సంతోషమండీ. ఇంకో చిక్కు. సిటీ పోలీసు డిటెక్టివ్ డేనియల్ హాల్స్ రాసుకున్న ప్రతిలో ‘నాట్’ ముందుకి జరిగింది: ‘ఆర్ నాట్ ద మెన్ దట్ విల్ బి బ్లేమ్డ్.’

జవాబు: అవును. ఎడోస్ మరణం మీద జరిగిన విచారణలో లాయరు ఇదే అడిగాడు, ‘నాట్’ తప్పుచోట పెట్టలేదు కదా అని. తాను చెప్పినదే సరైనదని లాంగ్ నిలబడ్డాడు. జూస్ అనే మాట స్పెల్లింగ్ మామూలు జె-ఇ-డబ్ల్యు-ఎస్ కాక జె-యు-డబ్ల్యు-ఇ-ఎస్ కాదా అంటే మాత్రం ‘అయ్యుండొచ్చు’ అన్నాడు. తెలుగులో లాంగ్‌ది ‘మాట పడని మనుషులు’, హాల్స్‌ది ‘మాట పడే మనుషులు కారు’. మీరు తెలియకుండానే హాల్స్ పాఠాన్ని అనువదించారు! లాంగ్‌ది కావాలంటే ‘యూదులు ఊరికే మాట పడని మనుషులు’ అనండి.

ఏది నిజమో చూద్దామంటే గోడ లేదు. మెట్రోపాలిటన్ పోలీసు కమిషనర్ చార్లెస్ వారెన్ తెల్లవారకముందే వచ్చి, ఫొటో తీయకుండానే చెరిపించాడు. పై వరుస ఒక్కటే చెరపమని హాల్స్ బతిమాలినా వినలేదు. దీనికి వారెన్‌ని తిట్టనివాళ్ళు లేరు. నేను తిట్టలేను. కాసేపట్లో పెటికోట్ లేన్ ఆదివారపు సంత మొదలవుతుంది, ఆ భవనంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా యూదులు, ఆ రాత చూసి జనం వాళ్ళ మీద పడతారని ఆయన భయం. అంతకు మూడు వారాల ముందే జాన్ పైజర్ అనే యూదు చెప్పుల పనివాణ్ణి హంతకుడని జనం అనుమానించిన ‘లెదర్ ఏప్రాన్’ వీడేనని పట్టుకెళ్ళి, నిర్దోషి అని వదిలేశారు.

జవాబు: అయితే ‘నీలాపనింద’ అనకూడదా అన్నయ్యా?

జవాబు: పైజర్‌కి అనొచ్చు, గోడకి వద్దు తమ్ముడూ. శమంతకమణి కథ తెలిసినవాడెవడికైనా నీలాపనింద అనగానే కృష్ణుడు తప్పు చేయలేదని తెలిసిపోతుంది. గోడమీది వాక్యం ఆ మాట చెప్పదు.

ఫ్రీమేసన్లు అనే గుప్త సంఘానికి ఈ రాతని ముడిపెట్టే సిద్ధాంతం సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరో ఒకరు అడుగుతారు. మేసన్ల కథలో సొలొమోను ఆలయ శిల్పి హైరమ్ అబిఫ్‌ని చంపిన జుబెలా, జుబెలో, జుబెలమ్ ముగ్గురినీ కలిపి జె-యు-డబ్ల్యు-ఇ-ఎస్ స్పెల్లింగ్‌తో ‘జూస్’ అని పిలుస్తారని 1970లలో ప్రచారమైంది. మేసన్ల గ్రంథాల్లో అలాంటి పిలుపు లేదు. చెరిగిపోయిన గోడ మీద, సాక్షి ‘అయ్యుండొచ్చు’ అన్న ఒక స్పెల్లింగ్ మీద ఇన్ని పుస్తకాలు లేచాయి!

దీనికంటే నాకు విలువైనది ‘లిప్‌స్కీ’ అన్న ఒక అరుపు. స్ట్రైడ్ చనిపోయిన చోట ఒకడు అలా అరిచాడని ఆ దారిన వెళ్తున్న ఇజ్రాయెల్ ష్వార్ట్జ్ సాక్ష్యం. తోడుదొంగ పేరు పిలిచాడని కొందరు వెతుకులాట మొదలుపెట్టారు. 1887లో హత్యానేరానికి ఉరితీసిన ఇజ్రాయెల్ లిప్‌స్కీ అనే యూదుడి ఇంటిపేరు ఆ పేటలో యూదుల్ని తిట్టే తిట్టుగా మారిందని ఇన్‌స్పెక్టర్ ఆబర్లిన్‌కి తెలుసు. యూదుడిలా కనబడిన ష్వార్ట్జ్‌నే వాడు తిట్టి ఉంటాడని ఆయన రాశాడు. పేట మాట తెలిసినవాడు కాబట్టి ఆ పేరు వెనక ఉన్న తిట్టు ఆయనకి వినబడింది.

ప్రశ్న వేసినవారు: వ్యాసంలో రెండు పాఠాలూ పక్కపక్కనే ఇస్తున్నాను. లాంగ్: ‘యూదులు ఊరికే మాట పడని మనుషులు.’ హాల్స్: ‘యూదులు ఊరికే మాట పడే మనుషులు కారు.’ ‘నింద’ తీసేసి ‘మాట’ ఉంచాను. సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు ‘నింద’ అని రాయడనిపించింది.