మే నెల పార్టీకి కారమెల్ చాక్లెట్ స్వీటు: పంచదారా, బెల్లమా?

రాజోలు కోడలు
అందరికీ నమస్కారం. మా బాబు మొదటి పుట్టినరోజు వచ్చే నెల రెండో శనివారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు షామియానా వేసి సాయంత్రం 70 మందికి భోజనాలు. వంటలన్నీ వంటవాళ్ళకి అప్పజెప్పాం. స్వీటు ఒక్కటీ నేనే చేస్తానని నోరు జారాను. అడుగున బిస్కెట్ పొర, మధ్యలో కారమెల్, పైన చాక్లెట్. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాలుగైదు సార్లు చేశాను, బాగానే కుదిరింది.

గొడవంతా నడిమి పొర గురించే. మా ఆడపడుచు పంచదారతో, డబ్బా పాలతో (కండెన్స్‌డ్ మిల్క్) చెయ్యమంటుంది. మా అత్తగారేమో "ఇంట్లో కొత్త బెల్లం ఉండగా ఆ డబ్బాలెందుకమ్మా" అంటారు. ఇద్దరికీ సరేనన్నాను. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఏది చెయ్యాలో, ఎందుకో చెప్పండి.

భీమవరం బేకరీ
పద్నాలుగేళ్ళుగా బేకరీ నడుపుతున్నాను. పంచదారే. రెండో మాట లేదు.

పంచదార మూకుట్లో కరిగి, 160 డిగ్రీలు దాటాక తేనె రంగుకి తిరుగుతుంది. దాంతోపాటు తీపి వెనకాల చిన్న చేదు వస్తుంది చూడండి, అదే కారమెల్. బెల్లం అంత వేడికి ఆగదు, ఆ లోపే మాడు వాసన కొడుతుంది. పైగా వేడి పాలల్లో బెల్లం పడితే పాలు విరుగుతాయి. పరమాన్నం వండే ఎవరినడిగినా చెబుతారు. 70 మంది వచ్చే రోజున ప్రయోగాలు వద్దు.

ఒక్క జాగ్రత్త. డబ్బాని మూత తియ్యకుండా నీళ్ళలో గంటలకొద్దీ ఉడకబెట్టమనే వీడియోలు నమ్మకండి. పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే పెట్టి, నీళ్ళు ఇగిరిపోయిన సంగతి చూసుకోలేదు. డబ్బా పేలి పాలన్నీ ఫ్యాను రెక్కలకి అంటుకున్నాయి. నెల రోజులు ఆ గదిలో చీమలే.

మండపేట పాకం
నా వయసు 61. అరిసెలకి పాకం పట్టడం మొదలెట్టి నలభై ఏళ్ళు దాటింది. బెల్లం మీద ఇంత మాట అంటే ఊరుకోలేను.

అమ్మాయ్, పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి పక్కన పెట్టుకో. పాకం ఉడుకుతుండగా గరిటతో ఒక చుక్క అందులో వెయ్యి. మొదట కరిగిపోతుంది. కాసేపాగి వేస్తే తీగలా సాగి చెదిరిపోతుంది. ఇంకాస్త ఆగి వేస్తే అడుగున ముద్దగా కూర్చుంటుంది. వేళ్ళతో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ అవ్వాలి, నొక్కితే అణగాలి, వేలికి మాత్రం అంటకూడదు. నీ నడిమి పొరకి కావాల్సింది ఆ ఉండపాకమే. అక్కడ దాటితే ముక్క కొరకలేరు, పళ్ళూడతాయి.

పాలు విరుగుతాయంటే పాలెందుకు పొయ్యాలి? రాజోలులో కూర్చుని కొబ్బరిపాలు గుర్తు రాలేదా ఒక్కరికీ? అరకిలో బెల్లం చిన్న గ్లాసుడు నీళ్ళతో కరిగించి వడగట్టు. ఇసుక, నలకలు ఉంటాయి, వడగట్టకుండా వేస్తే తిన్నవాళ్ళు నిన్ను తిట్టుకుంటారు. రెండు ముదురు కాయల మొదటి పాలు, అంటే నీళ్ళు కలపకుండా పిండిన చిక్కటివి, అందులో పొయ్యి. సన్న మంట మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అంచుల్లో నూనె తేలడం మొదలైతే చుక్క వేసి చూసుకుని దించెయ్. దించాక రెండు చెంచాల వెన్న, పంటికింద తెలిసేంత ఉప్పు.

భీమవరం బేకరీ
అమ్మా, మీ పాకం మీద నాకు గౌరవమే. కానీ అది కారమెల్ కాదు. కొబ్బరి లౌజు మీద చాక్లెట్ పూసినట్టు ఉంటుంది.

మండపేట పాకం
పూస్తే ఏం బాబూ, తినరా?

గట్టు మీద
ఇంత చర్చ ఎందుకండీ. ఆత్రేయపురం అక్కడికి దగ్గరే. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవీ పొరల స్వీటే. ఒక 150 చెప్పేయండి, పని అయిపోతుంది.

రాజోలు కోడలు
అవి మా మావయ్యగారు ఎప్పుడో చెప్పేశారండి. ఇది పిల్లల కోసం.

నరసాపురం మాస్టారు
ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి.

బేకరీ బాబుగారు చెప్పిన 160 డిగ్రీల మాట నిజం. అయితే డబ్బా పాలు, వెన్న, పంచదార కలిపి పొయ్యి మీద తిప్పే పొర అంత వేడెక్కదు. అందులో నీరు ఉంటుంది. ఉండపాకం దగ్గర దించేస్తాం, అంటే 115 అటూ ఇటూ. మరి ఆ గోధుమ రంగు ఎక్కడిది? పాలలోని ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి తెచ్చే రంగు అది. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు కాబట్టి మయ్యార్ చర్య అంటారు. పాలకోవా మూకుడు అడుగున ఎర్రగా పట్టుకునేదీ, గీకి తింటే కమ్మగా ఉండేదీ అదే. పంచదారని విడిగా కాల్చి అందులో కలిపితే తప్ప డబ్బా పాల పొర కూడా పుస్తకం ప్రకారం కారమెల్ కాదు. కాబట్టి "అది కారమెల్ కాదు" అనే మాట ఇద్దరికీ తగులుతుంది.

బెల్లానికి ఆవుపాలో గేదెపాలో పోసి తీరాలనుకుంటే పొయ్యి మీద ఉన్న పాకంలో చిటికెడు వంటసోడా వెయ్యండి. బెల్లంలోని ఆమ్లం తగ్గి, విరగడం చాలావరకు ఆగుతుంది. కొబ్బరిపాలకి ఆ బాధ తక్కువ.

మండపేట అమ్మగారికి మాత్రం ఒక హెచ్చరిక. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు విడిగా కొంత ఉంటాయి. అవి గాల్లో చెమ్మని లాక్కుంటాయి. వానాకాలంలో బెల్లం డబ్బా అడుగున నీరు కారేది అందుకే. మన గోదావరి ఉక్కపోతలో బెల్లం పొర పంచదార పొర కంటే ముందు జారుతుంది.

కొబ్బరి నీడ
మాది అంబాజీపేట వైపు. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాం. మీరంతా మధ్య పొర గురించే కొట్టుకుంటున్నారు, పై పొర సంగతి ఒక్కరూ ఎత్తడం లేదు.

కోకో కాయ కొడితే లోపల తెల్లటి గుజ్జు, పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది. మా పిల్లలు చప్పరించి గింజ పారేస్తే నేను ఏరుకుంటాను. గుజ్జుతోనే గింజల్ని పోగేసి గోనెలు కప్పి అయిదారు రోజులు పులియబెడతాం. మధ్యలో తిరగెయ్యాలి. సిర్కా (వెనిగర్) వాసన ముక్కు బద్దలు కొడుతుంది. ఆ తర్వాతే ఎండబెట్టడం. ఆ పులియడం సరిగ్గా కాకపోతే గింజకి చాక్లెట్ రుచి రాదు. 2024లో ఎండు గింజలు కిలో వెయ్యి దాకా పలికాయి. మరుసటి ఏడాది సగానికి పడ్డాయి. మా ఊరి కొట్లో చాక్లెట్ రేటు మాత్రం ఎక్కినచోటే కూర్చుంది.

చెప్పొచ్చేదేమిటంటే, బేకరీల్లో వాడే కాంపౌండ్ అనే దాంట్లో కోకో వెన్న ఉండదు, దాని బదులు వేరే నూనెల కొవ్వు వేస్తారు. బెల్లమా పంచదారా అని ఇంత పట్టింపు ఉన్నవాళ్ళు పైన మాత్రం అది పూస్తే ఎలా? కొబ్బరి మనది, బెల్లం మనది, కోకో మనది. అసలు చాక్లెట్టే వాడండి.

అమలాపురం నుంచి గ్లాస్గో
ఇక్కడ దీన్ని మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్ అంటారు. స్కాట్లాండ్ వాళ్ళకి ఇష్టమైన తిండి. అడుగు పొరకి కొలత కూడా తేలికే: ఒక వంతు పంచదార, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా. పొడిచేసిన బిస్కెట్లు అక్కర్లేదు, కాకపోతే ఓవెన్ ఉండాలి.

ఒక్క మాట అంటాను, తిట్టకండి. ఇక్కడ మే నెలలో వంటిల్లే ఫ్రిజ్జులా ఉంటుంది, చేసి బల్ల మీద వదిలేస్తే రెండు గంటల్లో గట్టిపడుతుంది. మా అమ్మ వాళ్ళింట్లో మే నెలలో వెన్న గిన్నెలో నూనెలా ఉండేది. చలిదేశం స్వీటుని షామియానా కింద పెట్టేటప్పుడు బెల్లమా పంచదారా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, అది నిలబడుతుందా?

భీమవరం బేకరీ
ఇది ఒప్పుకోవాల్సిన మాట. అసలు చాక్లెట్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో వేసుకుంటే కరిగేది అందుకే. మే నెల సాయంత్రం షామియానా కింద నోటిదాకా రానక్కర్లేదు, పళ్ళెంలోనే కరుగుతుంది. మెరుపు రావాలంటే డార్క్ చాక్లెట్‌ని 45 దాకా కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తేవాలి. వంటిల్లే 36లో ఉంటే 27కి ఎక్కడ చల్లారుతుంది? నేను ఏసీ గదిలో చేస్తాను. కోకో రైతు గారికి కోపం వచ్చినా సరే, ఈ సీజన్లో కాంపౌండ్ వాడేది అందుకే. అది కాస్త ఎక్కువ వేడికి ఆగుతుంది.

మండపేట పాకం
ఆగుతుంది, అంగిట్లో కూడా ఆగుతుంది. నాలుకకి మైనం పూసినట్టుంటుంది.

రొయ్యల చెరువు
నాకు వంట రాదు, ఐసు వచ్చు. మా దగ్గర రొయ్యల లోడుకి వాడే థర్మకోల్ పెట్టెలు ఉంటాయి. అడుగున ఐసు ముక్కలు, పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద మీ ట్రేలు పెట్టి మూత వేస్తే నాలుగు గంటలు ఢోకా లేదు. కరెంటు పోయినా ఫరవాలేదు.

గట్టు మీద
రొయ్యల వాసనతో చాక్లెట్. పుట్టినరోజు గుర్తుండిపోతుంది.

రొయ్యల చెరువు
ఆయ్, కొత్త పెట్టె గురించే చెబుతున్నానండి!

రాజోలు కోడలు
ఆదివారం రెండూ చేసి చూశాను. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేలు రెండు, ఒక్కో దానికీ 200 గ్రాముల మేరీ బిస్కెట్ పొడి, 100 గ్రాముల వెన్న. ఒకదానిలో డబ్బా పాలు, కాల్చిన పంచదార. రెండోదానిలో బెల్లం, కొబ్బరిపాలు. రెండింటి మీదా కోకో రైతు గారు చెప్పినట్టు అసలు చాక్లెట్టే.

పంచదార మొదటిసారి మాడింది. తేనె రంగు నుంచి నలుపుకి మధ్య ఫోన్ మోగింది, అంతే. రెండోసారి కుదిరింది. బెల్లం పాకానికి పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని ఆరుసార్లు చుక్క వేశాను. అయిదోసారి ఉండ అయింది, ఆరోది అత్తగారి కోసం. ఆవిడ నొక్కి చూసి "చాలు, దించు" అన్నాక దించాను.

రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టి, సోమవారం సాయంత్రం 5 గంటలకి రెండు ట్రేలూ తెచ్చి అరుగు మీద పెట్టాను. పది నిమిషాల్లో చాక్లెట్ మీద చెమట పట్టింది, నీటి బొట్లు. అరగంటకి మెరుపు పోయి మచ్చలు. ముప్పావు గంటకి బెల్లం ట్రే అంచుల నుంచి పాకం సన్నగా కారడం మొదలైంది. మాస్టారు చెప్పినట్టే జరిగిందండి. పంచదారది మెత్తబడింది గానీ ఆకారం చెడలేదు. ముక్కలు కోస్తే పంచదారవి 25 వచ్చాయి. బెల్లానివి కొయ్యలేకపోయాను, చెంచాలతో తిన్నాం.

రుచికి మాత్రం ఇంట్లో ఎనిమిది మందిలో ఆరుగురు బెల్లం వైపే. పంచదారది మూడో ముక్కకి వెగటు కొట్టింది. కొబ్బరి, ఉప్పు, బెల్లం వాసన కలిసి, పైన చేదు చాక్లెట్ తగిలేసరికి మా ఆడపడుచు వీడియో కాల్లోనే ఓడిపోయానంది, అదీ తినకుండానే. మా ఆయన ఒక్కరే పంచదార వైపు. ఎనిమిదో మనిషి మా బాబు, వాడు చెంచా వైపు.

చెంచాలతో తింటుంటేనే తట్టింది. ముక్కలెందుకు, చిన్న కప్పుల్లోనే పొరలు వేస్తాను. అడుగున బిస్కెట్ పొడి, మధ్యలో బెల్లం కొబ్బరిపాలు, పాకం ఉండ దాకా రాకుండా ఒక మెట్టు ముందే దించేసి. పైన చాక్లెట్టూ క్రీమూ సమంగా కలిపి పోస్తే గట్టిపడక్కర్లేదు, మెరవక్కర్లేదు, కరుగుతుందన్న భయం లేదు. కప్పులు 80 తెప్పించాను.

భీమవరం బేకరీ
అది ముక్కలుగా కోసే స్లైస్ కాదు, పుడ్డింగు. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు పంచదారే, మీరు ప్రశ్న మార్చేశారు. సరే, మార్చాక బాగానే ఉంది. బిస్కెట్ పొడికి వెన్న బాగా పట్టించి వేళ్ళతో అదమండి, లేకపోతే పాకం కిందకి దిగి అడుగంతా ముద్దవుతుంది. క్రీము వేశారు కాబట్టి ఎండలో గంటల తరబడి ఉంచకండి, పిల్లలు తినేది.

మండపేట పాకం
80 కప్పులకి ఒకేసారి పాకం పట్టకు అమ్మాయ్. రెండు విడతలుగా పట్టు. పెద్ద మూకుడైతే అడుగుది ముదిరిపోతుంది, పైది లేతగా ఉండిపోతుంది.

రాజోలు కోడలు
అలాగే పిన్నిగారూ. ఫ్రిజ్జులో 80 కప్పులు పట్టవు. ఆ రొయ్యల పెట్టె మాట నిజమేనా అండీ?

రొయ్యల చెరువు
నిజమేనండి. రెండు కొత్త పెట్టెలు శనివారం మధ్యాహ్నం పంపిస్తాను, ఐసు కొట్టించే పంపుతాను. కప్పుల మీద తడిగుడ్డ వెయ్యకండి, పొడిగుడ్డ వెయ్యండి. మూత మాటిమాటికీ తియ్యనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని.