అప్‌డేట్: లారీ ఆయిల్‌ను పెట్రోల్ కారులో పోయలేదు

గాజువాకలో మా బావగారి లారీకి తెచ్చిన 15డబ్ల్యూ-40 (ఇది చిక్కదనాన్ని తెలిపే గ్రేడు) డీజిల్ ఇంజిన్ ఆయిల్ మిగిలితే, దానిని నా పెట్రోల్ కారులో పోయవచ్చా అని ఇంతకుముందు అడిగాను. డబ్బా వెనుక గుండ్రని ముద్ర చూడమన్న మీ సలహా ఎంతో మేలు చేసింది: అందులో డీజిల్ ఇంజిన్ల ప్రమాణమైన సీకే-4 మాత్రమే ఉంది, పెట్రోల్ ఇంజిన్లకు వర్తించే ప్రమాణాలైన ఎస్‌ఎన్ గానీ ఎస్‌పీ గానీ లేదు. సీకే-4తో పాటు వాటిలో ఒకటి కూడా ఉన్న ఆయిల్ అయితే సంగతి వేరు.

నా కారుకు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 ఎస్‌పీ అని ఉంది. ఆ గ్రేడులో భాస్వరం 0.08 శాతం మించకూడదు; సీకే-4లో 0.12 శాతం వరకు ఉండవచ్చు. అరుగుదలను ఆపే ఆ భాస్వరమే, కాలిన ఆయిల్‌తో పాటు పొగగొట్టంలోకి చేరి, పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ను క్రమంగా పాడుచేస్తుంది. లారీ ఆయిల్‌నూ, 5డబ్ల్యూ-30నూ చెరొక వేలిపై వేసి చూస్తే, చిక్కగా ఉన్న లారీది స్పష్టంగా నిదానంగా జారింది.

కొత్త 5డబ్ల్యూ-30 పోయించాను. మిగిలిన డబ్బా బావగారికే తిరిగి ఇచ్చేశాను.