అమ్మ జడ ఎవర్నడిగి కత్తిరించారు?

అమలాపురం అమ్మాయి:
అమ్మకి 78. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, హైదరాబాద్‌లో ఉద్యోగం వదల్లేక, మా వైపే ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాను. గది శుభ్రం, కిటికీలోంచి కొబ్బరితోట కనిపిస్తుంది, తిండికి లోటు లేదు. మొన్న వెళ్తే అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. తీసి చూస్తే జుట్టు మెడ దాకా కత్తిరించేశారు. పేలు పడుతున్నాయట, రోజూ దువ్వడానికి మనిషి లేదట. చీర మాన్పించి నైటీ కూడా వేశారు. చిన్నప్పుడే భర్త పోయిన మేనత్తకి గుండు చేయించిన ఇంట్లో పెరిగింది మా అమ్మ. జుట్టు తీసేస్తే ఆవిడకెలా ఉంటుందో వాళ్లకేం తెలుసు? "నన్నడగలేదే" అని ఒక్క మాటంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

భీమవరం బుల్లోడు:
మా నాన్నకి పంచె తీసేసి ఎలాస్టిక్ పాంటు వేశారండి. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని పట్టుకుని "తాతా, ముద్ద మింగు" అనేవాళ్లు. ఆయన తినడమే మానేశాడు. చివరికి నాన్న చెబుతుంటే నేను ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించాను. తెల్లవారుజామున నాలుగింటికి కాఫీ. తలుపు కొట్టి రావాలి. మేష్టారూ అని పిలవాలి. స్నానం మగమనిషే చేయించాలి. కాఫీ మాత్రం ఆరింటికే వస్తోంది, వంటమనిషి అప్పటిదాకా లేవడు. మిగతావి నడుస్తున్నాయి.

రాజోలు ఆయా:
నేను ఇలాంటి చోటే చేస్తాను. రాత్రి డ్యూటీలో 22 మందికి ఇద్దరం. మంచం మీదున్న మనిషికి చీర మార్చాలంటే ఇద్దరం పట్టాలి, అందుకే నేనూ నైటీలు తొడిగినదాన్నే. కానీ అడగడానికి ఇంకో మనిషి అక్కర్లేదు కదండీ. పిల్లల పేర్లు మర్చిపోయినావిడ కూడా రెండు బట్టలు ముందు పెడితే ఒకదాని మీద వేలు పెడుతుంది. పేలకైతే మందుంది, కత్తెరే అక్కర్లేదు.

కోనసీమ కుర్రోడు:
మా నానమ్మకి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తే షుగరని వార్డెన్ లాగేసుకున్నాడు. 84 ఏళ్లావిడ ఏం తినాలో ఆయన తేలుస్తాడా?

రాజోలు ఆయా:
తిని పడిపోతే ముందు మమ్మల్ని తిట్టేది మీరే బాబూ. డాక్టరుగారిని నానమ్మ ముందే అడగండి. ఆవిడ లేకుండా మీరిద్దరూ మాట్లాడుకోకండి.

పాలకొల్లు ప్లీడరు గుమస్తా (రిటైర్డు):
చేర్పించేటప్పుడు కాగితాల మీద సంతకం ఎవరు పెట్టారు? చాలాచోట్ల పిల్లలదే ఉంటుంది. పెద్దవాళ్లకి తెలివి ఉన్నప్పుడు వాళ్లచేతే పెట్టించాలి. ఆశ్రమంలో ఇబ్బందైతే ముందు మేనేజరుకి రాసివ్వండి, ఆపైన పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది గానీ అది ప్రధానంగా పిల్లలు పోషించని కేసులకి. ఇంకో మాట. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కూడా అమ్మగారినే అడిగి ఉంచండి. ఇలా వైద్యం గురించి ముందే రాసి ఉంచే కాగితాన్ని, అంటే ముందస్తు వీలునామాని (లివింగ్ విల్), సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే సరిపోతుంది. ఈ మాటెత్తితే మా ఇంట్లో అందరూ నామీద లేచారు. మా ఆవిడ మాత్రం తనదీ రాయమంది.

అమలాపురం అమ్మాయి:
నిన్న వెళ్లొచ్చాను. మేనేజరుతో గట్టిగానే మాట్లాడాను, ఇకమీదట అడగకుండా కత్తెర పట్టబోమన్నారు. చీరల సంచీ కూడా తీసుకెళ్లాను. అమ్మ నవ్వింది. నైటీయే హాయిగా ఉందట! నేనూ అడక్కుండానే అనేసుకున్నానన్నమాట. ఆవిడకి కావలసింది బాత్‌రూమ్ తలుపుకి గడియట. లోపల పడిపోతే ఎలా అని వాళ్ల భయం. బయటినుంచి కూడా తీయగలిగే గడియ కోసం వడ్రంగిని పిలిచాం, గురువారం వస్తానన్నాడు. జుట్టు పెరిగేదాకా వీడియో కాల్ వద్దంది. మామూలు ఫోనే చేసుకుంటున్నాం.